వాలెక్కిన ముసలి బండి

గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్లను తిప్పే బ్యాటరీ బండ్లు బాగుచేసే పెద్దమనిషిని అందరూ బ్యాటరీ బాబాయి అంటారు. ఆయన మోటారుకు చెవి ఆనిస్తే పక్క ఊరి బండి జబ్బు కూడా తెలిసిపోతుందట. రోజూ పొద్దున్నే బ్యాటరీలకు నీళ్లు పోస్తూ, చంటిపిల్లలను బుజ్జగించినట్టు "తాగండమ్మా" అంటాడు. వాలెక్కలేక చతికిలపడుతున్న ముసలి బండిని తుక్కుకు వేసేస్తానన్నాడు మేనేజరు. బాబాయి ఒక్కరోజు గడువడిగి, గుద్దుకుని మూలపడిన ఎలక్ట్రిక్ కారులోని లిథియం బ్యాటరీలు తీసి దానికి బిగించాడు. ఏనుగంత బరువుండే పాత బ్యాటరీలు పోయి, వాటి చోట సూట్‌కేసంత పెట్టె కూర్చుంది.

మర్నాడు మేనేజరును పక్కన ఎక్కించుకుని బయల్దేరాడు. బండి లేడిపిల్లలా ఉరికింది గానీ, వాలు మీద తడి గడ్డిలో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి.

"చూశారా బాబాయ్, దీని పనైపోయింది" అన్నాడు మేనేజరు.

బాబాయి బుర్ర గోక్కున్నాడు. బండికి బలం పెరిగింది కానీ వెనక బరువు తగ్గి, చక్రాలకు పట్టు చిక్కడం లేదు. మైదానం క్యాంటీన్‌లో వంట చేసే భార్య గుమ్మంలో కనిపిస్తే కేకేశాడు.

"ఇదిగో, వచ్చి వెనక సీట్లో కూర్చో. నీ బరువు కావాలి."

"మొన్న నేను కూర్చుంటే మంచం కుంగిందన్నావుగా?"

"అది మంచం. ఇది బండి."

ఆవిడ చేతులు తుడుచుకుని మహారాణిలా ఎక్కి కూర్చుంది. బండి గడ్డిని కరుచుకుని పైదాకా పాకింది.

"సరే, బండి ఉంచుదాం" అంటూ మేనేజరు దిగాడు.

"రేపటికల్లా వెనక ఇసుక బస్తాలు కట్టేస్తాను సార్" అన్నాడు బాబాయి.

భార్య మాత్రం దిగలేదు. "ఆ బస్తాలేవో రేపు కట్టుకో. ఇన్నేళ్లూ ఈ మైదానాన్ని క్యాంటీన్ కిటికీలోంచే చూశాను. ముందు నన్నొకసారి అంతా తిప్పు" అంది.