బీరమ్మ చెప్పిన సాక్ష్యం

బషీరాబాద్ బీరమ్మకు తమ్ముడంటే ప్రాణమని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ ప్రాణంలో ఒక ముల్లు విరిగి ఉండిపోయింది. ఆమె మంచితనం గురించి చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వాళ్ళు చెప్పుకోనీ. మనం చెప్పుకునేది ఆ ముల్లు సంగతి.

బీరమ్మ తండ్రి మల్లప్ప గొర్లకాపరి. ఆయనకు నాలుగెకరాల చేను, ఒక చిన్న మంద, భుజం మీద ఒక గొంగడి ఉండేవి. బీరమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు పాము కరిచి పోయాడు. అత్తింట్లో తోడికోడలితో పొసగక, తల్లి రుక్కమ్మ నెల తిరక్కుండానే బిడ్డ చెయ్యి పట్టుకుని రైలెక్కి వికారాబాదులో దిగింది. అక్కడ స్టేషను పక్కన కాయ్‌తాన్ అనే గోవా కిరస్తానీ ఆయన డబల్ రొట్టెల బట్టీ పెట్టుకుని ఉండేవాడు. రుక్కమ్మ పిండి జల్లించే పనికి కుదిరింది. ఏడాది దాటాక ఆ ఇంటి ఇల్లాలయింది. ఆ మీదటి ఏడు యోబు పుట్టాడు. చర్చిలో పెళ్ళి మాత్రం యోబు నడక నేర్చాకే జరిగింది. ఈ వరస కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితోనే పని.

తెల్లవారి బట్టీ మూత తియ్యగానే మొదటి వాయిలోంచి ఒక బన్ను తీసి, వేడికి అటు చెయ్యీ ఇటు చెయ్యీ మార్చుకుంటూ, కాయ్‌తాన్ కొడుకు చేతిలో పెట్టేవాడు. బీరమ్మకు పెట్టేవాడు కాదని కాదు. పెట్టేవాడు, కానీ తర్వాత. బుట్టలు సర్దడం అయ్యాక, ఆమె తలమీద చుట్టబట్ట పెట్టుకుని స్టేషనుకు బయల్దేరేటప్పుడు. అప్పటికి అది చల్లారిపోయేది. ఆకలి తీరేది గానీ కడుపుమంట తీరేది కాదు. యోబుకు బూట్లు కొన్నాడు, పలక కొన్నాడు, ఆదివారం చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకుపోయాడు. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక బీరమ్మ ఏడేళ్ళూ 'ఇగో' అనే పిలిచింది. నాయినా అని పిలిస్తే పలికేవాడేమో. ఆమె పిలవలేదు, ఆయన పిలవమనలేదు.

పదిహేనో ఏట పెద్దనాయిన జంగప్ప వచ్చి బీరమ్మను ఊరికి తీసుకుపోయాడు. మల్లప్పకు మగసంతానం లేదు గనుక కులపెద్దలు బిడ్డకు ఇల్లరికపు మనువు చేసి చేను అప్పగించారు. కొడుకుంటే కొడుకుది, లేడు గనుక బిడ్డది అని ఆనాడే నలుగురిలో చెప్పారు. వచ్చిన అల్లుడు బిచ్చయ్య నోట్లో నాలుక లేని మనిషి, పనిలో మాత్రం రాక్షసుడు. అయినా తమ్ముడి చేను పరాయి ఊరివాడు దున్నడం జంగప్పకు ఎన్నడూ మింగుడుపడలేదు. ఆ పెళ్ళికి కాయ్‌తాన్ కూడా వచ్చాడు. పందిరి బయటే నిలబడి, వెండి కడియాల జత రుక్కమ్మ చేతికిచ్చి పోయాడు. బీరమ్మ కడియాలు తొడుక్కుంది గానీ అందులో ప్రేమ ఉందని మాత్రం ఒప్పుకోలేదు. ఓర్వలేనివాళ్ళకు పక్కవాళ్ళ విస్తరి కనబడినంత బాగా సొంత విస్తరి కనబడదు.

పోలీసు చర్య జరిగిన మూడేళ్ళకు కాయ్‌తాన్ పోయాడు, ఆ మరుసటి ఏడు రుక్కమ్మ పోయింది. యోబు ఒక్కడే బట్టీ నడుపుకుంటున్నాడు. 1954 ఎండాకాలంలో వాడికి ఆఫ్రికా నుంచి ఉత్తరం వచ్చింది. కాయ్‌తాన్ తమ్ముడు అక్కడ పోర్చుగీసు వాళ్ళ ఏలుబడిలో ఉన్న ఒక రేవుపట్నంలో రొట్టెల బట్టీ పెట్టి బాగుపడ్డాడట. తనకు మగపిల్లలు లేరు, అన్న కొడుకును రమ్మన్నాడు. గోవాలో పుట్టినవాడి కొడుకు గనుక యోబు కూడా పోర్చుగీసు పౌరుడు కావచ్చు, బొంబాయిలో ఉన్న వాళ్ళ ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటే కాగితం ఇస్తారు, ఆ కాగితం చేతిలో ఉంటే ఓడ ఎక్కొచ్చు అని రాశాడు.

యోబు కాగితాల వెంట పడ్డాడు. కాయ్‌తాన్ జ్ఞానస్నానం చీటీని గోవా నుంచి మేనత్త పంపింది. మిగతావి వికారాబాదు చర్చి రిజిస్టరులోనే ఉన్నాయి. చిక్కు అక్కడే వచ్చింది. పెళ్ళి తేదీకంటే పిల్లవాడు పుట్టిన తేదీ ముందుంది. కాబట్టి ఈ పిల్లవాడు కాయ్‌తాన్ కన్నకొడుకేనని, అప్పట్లో ఆ ఇంట్లో ఉండి చూసినవాళ్ళెవరైనా ఫాదరు ముందు ప్రమాణం చేసి చెప్పాలి, అది రాసి ఫాదరు సంతకం పెట్టి పంపాలి. చూసినవాళ్ళు ఇంకెవరున్నారు? ఒక్క బీరమ్మ.

సాక్ష్యానికి పిలవడానికి యోబు బషీరాబాదు వచ్చాడు. బీరమ్మ కోడిని కోసి కూర వండింది, జొన్నరొట్టెలు చేసింది. తింటున్నంతసేపూ వాడు ఓడ గురించే చెప్పాడు. ఎటు చూసినా నీళ్ళేనట, రోజుల తరబడి నేల కనబడదట. బిచ్చయ్య ముద్ద పక్కనపెట్టి నోరు తెరుచుకుని విన్నాడు.

"నాయిన సచ్చిపోయి గూడ నాకు తొవ్వ జూపిస్తుండక్క," అన్నాడు యోబు చెయ్యి కడుక్కుంటూ.

ఆ మాట బీరమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఒక్క కడుపున పుట్టినవాళ్ళం గదా అనుకుంది. వాడికి చచ్చిన తండ్రి సముద్రం దాటిస్తాడు, నాకు చచ్చిన తండ్రి ఏమిచ్చాడు? నాలుగెకరాలిచ్చాడు కదా తల్లీ, అని ఎవరైనా అనాల్సింది. కానీ ఆమె పైకి అనలేదు గనుక ఎవరూ జవాబు చెప్పలేదు. పైగా వాడు పోతే ఇక రాడు. అక్కడి బాబాయి వాడివాడు, గోవా మేనత్త వాడిది. తానొక్కతే వాడికి సగం అక్క. ఈ 'సగం' అనే మాట ఎవరూ అనలేదు, ఆమెకామే తగిలించుకుంది. అయినా వస్తానని చెప్పింది. చెప్పేటప్పటికి నిజం చెబుదామనే అనుకుంది.

నెలకొక ఆదివారం వచ్చే ఫాదరు వికారాబాదు వచ్చే రోజుకు ఆమె ముందుగానే పోయి బట్టీ ఇంట్లో దిగింది. తెల్లవారి యోబు బట్టీ మూత తీశాడు. మొదటి వాయిలోంచి ఒక బన్ను తీసి, అచ్చం కాయ్‌తాన్ లాగే చేతులు మార్చుకుంటూ తెచ్చి, ఆమె చేతిలో పెట్టాడు.

"మొదటి బన్ను ఎప్పుడు నాకే వెట్టేటోడు నాయిన. నువ్వు జూసుకుంట నిలవడేటిదానివి. ఇయ్యాల నువ్వు తినక్క."

అప్పుడు ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరగాలి. ఒళ్ళు మండింది. వీడికి తెలుసు! చిన్నవాడు, వాడికేం తెలుస్తుందిలే అని ఇన్నేళ్ళూ సరిపెట్టుకుంది. తెలిసే తిన్నాడు. ఒక్కనాడైనా తుంచి సగం ఇవ్వలేదు. ఇప్పుడు దేశం దాటిపోతూ, తన కడుపు నిండాక, చెయ్యి విదిలిస్తున్నాడు. బన్ను కొంగున ముడేసుకుని చర్చికి నడిచింది.

చర్చిలో ఫాదరు, అర్జీలు రాసే ముసలి గుమాస్తా, యోబు ఉన్నారు. నువ్వు కిరస్తానీవి కావు గనుక నీ దేవుడి మీదనే చెప్పమ్మా అన్నాడు ఫాదరు.

"బీరప్ప సాక్షి," అంది బీరమ్మ. "మా అవ్వ ఆ బట్టీ ఇంటికి వచ్చెటప్పటికే నీళ్ళు వోసుకున్నది. యోబు మా నాయిన మల్లప్ప కొడుకు. నాకు సొంత తమ్ముడు."

గుమాస్తా కలం ఆగిపోయింది. ఫాదరు మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. చెబుతుంటే భయం వెయ్యలేదు సరికదా, ఎంతో హాయిగా ఉంది. ఒక్క మాటతో గోవా ఆయన కొడుకు లేనివాడయ్యాడు, తమ్ముడు నిండుగా తనవాడయ్యాడు. చచ్చిపోయిన తల్లిని రచ్చకీడ్చానన్న సంగతి అప్పుడు తోచనే లేదు.

యోబు ఆమెను రైలెక్కించడానికి వచ్చాడు. రైలు కదిలే ముందు కిటికీ పట్టుకుని, నిజమేనా అక్కా అని అడిగాడు. నేనెందుకు అబద్ధమాడతాను అంది. నువ్వు ఆడవు అన్నాడు. తాండూరు దాటాక ఆమె కొంగు ముడి విప్పి చూసింది. బన్ను ఎప్పుడో చల్లారిపోయింది.

ఫాదరు సంతకం పెట్టలేదు. యోబు ఇంకో సాక్షి కోసం ఏడాదిపాటు తిరిగాడు, దొరకలేదు. ఇంతలో గోవా గొడవ ముదిరి, మన సర్కారు బొంబాయిలోని ఆ ఆఫీసునే మూయించింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆఫ్రికా పోతాననే ఆశతో యోబు బట్టీని అప్పటికే వేరేవాళ్ళకు అప్పగించేశాడు. ఇప్పుడు వాడికి దేశమూ లేదు, బట్టీ కూడా లేదు.

ఆ మరుసటి ఏడు, వానలు పట్టే మిరుగం కార్తె రావడానికి వారం ముందు, వాడు ట్రంకు పెట్టెతో బషీరాబాదులో దిగాడు. తమ్ముడు వచ్చాడని విని బీరమ్మ వాకిలి ఊడ్చి, బిందెతో నీళ్ళు పెట్టి ఎదురుచూసింది. వాడు ఆమె ఇంటికి రాలేదు. సరాసరి జంగప్ప ఇంటికి పోయాడు.

రెండోనాడు బీరప్ప గుడి ముందు కులపెద్దలు కూర్చున్నారు. మల్లప్పకు కొడుకున్నాడని, చేను కొడుకుకు రావాలని జంగప్ప మాట పెట్టాడు. మల్లప్ప పోయింది ఏ ఏడో, యోబు పుట్టింది ఏ ఏడో ఆ ఊళ్ళో లెక్క తేల్చేవాళ్ళెవరూ లేరు. జంగప్ప మాత్రం తేల్చుకునే వచ్చాడు. పరాయి అల్లుడు దున్నడంకంటే ఎవడో ఒక కొడుకు దున్నడమే నయం ఆయనకు.

పెద్దలు యోబును అడిగారు. వాడు లేచి నిలబడ్డాడు.

"నాకేం తెల్సు, నేను కడుపుల ఉన్న. అక్కకు తెల్సు. బీరప్ప మీద ప్రమాణం జేసి జెప్పింది." అని ఆమె వైపు తిరిగాడు. "తప్పంటె గిప్పుడే చెప్పక్క. లేసి పోత."

అందరూ బీరమ్మ వైపు చూశారు. తప్పంటే చేను దక్కుతుంది. కానీ బీరప్ప మీద అబద్ధపు ప్రమాణం చేసిందని, తోడబుట్టినవాడి తొవ్వ మూసిందని ఊరంతటికీ తెలుస్తుంది. ఆ తర్వాత ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగడం మాట అటుంచి, వాడు జన్మలో మళ్ళీ అక్కా అని పిలవడు. తప్పు కాదంటే పిలుపు ఉంటుంది, చేను పోతుంది. ఆమె వాడి కళ్ళలోకి చూసింది. అప్పుడు తెలిసింది. వాడికి అంతా తెలుసు. బన్ను సంగతి తెలిసినట్టే ఇదీ తెలుసు. తెలిసే అడుగుతున్నాడు.

"నిజమే," అంది బీరమ్మ. "మా నాయిన కొడుకే."

పెద్దలు తీర్పు చెప్పారు. ఇన్నేళ్ళు చెమటోడ్చినందుకు బిచ్చయ్యకు గట్టు పక్కన గరుసు నేల ఒక ఎకరం వదిలారు. మంచి నల్లరేగడి మూడెకరాలు యోబుకు చెందాయి. కులంలో కలుపుకునేటప్పుడు పేరు మార్చాలి గనుక వాడికి బీరప్ప అని పేరు పెట్టారు, నుదుట పసుపు బండారి రాశారు. తండ్రి గొంగడి కొడుకు భుజాన పడాలి, ఎక్కడుందని జంగప్ప అడిగాడు. అది బీరమ్మ పెట్టెలో ఉంది. పాతికేళ్ళుగా ఏడాదికొకసారి ఎండలో ఆరబెట్టి, వేపాకు వేసి మడతపెట్టి దాచుకున్నది. ఆమే ఇంటికి పోయి తెచ్చింది. జంగప్ప దాన్ని దులిపి యోబు భుజాన కప్పాడు.

వాడికి అది చక్కగా సరిపోయింది. చూస్తుంటే బీరమ్మకు పాత మంటే మళ్ళీ రాజుకుంది. గోవా తండ్రి వాడికే, బూట్లు వాడికే, మొదటి బన్ను వాడికే అని చిన్నప్పటినుంచి ఏడ్చింది. తనకంటూ ఉన్నది ఒక్క తండ్రి, ఒక్క గొంగడి. ఆ ఒక్కటీ తన నోటితో, తన చేతులతో తెచ్చి వాడికే కప్పించింది. ఇద్దరు తండ్రులూ వాడికే అయ్యారు. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు.

ఇంటికి వచ్చాక నోట్లో నాలుక లేని బిచ్చయ్య ఒక్క మాట అన్నాడు. "వాన్ని ఓడ ఎక్కనిస్తె అయిపోతుండె గద."

ఆ ఏటినుంచి పెత్తరమాస నాడు మల్లప్ప పేరున పెద్దలకు బియ్యమిచ్చేది యోబే. అక్క ఇంటికి మొదటి కంకి తెచ్చి ఇస్తాడు, పండక్కి చీరె పెడతాడు, అక్కా అని నిండుగా పిలుస్తాడు. సొంత తమ్ముడు చెయ్యాల్సినవన్నీ చేస్తాడు. వికారాబాదు మాత్రం మళ్ళీ పోలేదు. మల్లప్ప కొడుకుకు అక్కడ ఏం పని?

అరవై ఒకటి చివర్లో గోవా మన దేశంలో కలిసిపోయింది. మరుసటి ఏడు కార్తీకం మొదట్లో, కిరస్తానీలు తమ చనిపోయినవాళ్ళ సమాధులకు సున్నం వేసుకునే రోజున, బీరమ్మ ఒక్కతే వికారాబాదులో దిగింది. కాళ్ళకు వెండి కడియాలు తొడుక్కుంది. పాత బట్టీ దగ్గర నిలబడి, మొదటి వాయి తీసేదాకా కాచుకుని, వేడి బన్ను ఒకటి కొనుక్కుంది. చేతులు మార్చుకుంటూ చల్లారకముందే నడిచింది. అన్ని సమాధులూ తెల్లగా ఉన్నాయి, ఒక్క కాయ్‌తాన్ సమాధి మీదే గడ్డి మొలిచి ఉంది. గడ్డి పీకి, బన్ను పెట్టి, పక్కన కూర్చుంది.

ఫాదరు కొత్తాయన, ఆమెను ఎరగడు. ఈయన నీకేమవుతాడమ్మా అని అడిగాడు.

"మా నాయిన," అంది బీరమ్మ.

ఈసారి ఆమెను ఎవరూ ప్రమాణం చెయ్యమనలేదు.