నోరా గారు వెనక్కి తీసుకున్న సవరణ

నిన్న ఉదయం పక్కింటి మేవ్ మా తలుపు దబదబా బాదింది. మంచులో, మేజోళ్లతోనే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మ లేవడం లేదు" అంది.

వెళ్లాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అంబులెన్స్ వాళ్లు వచ్చి చెప్పేలోపే మా ఇద్దరికీ తెలిసిపోయింది.

ఇంకా నమ్మకం కుదరడం లేదు. మొన్న సాయంత్రమే నోరా గారు మా వంటింట్లో కూర్చుని పెసరట్టు తిని, అల్లం ఎక్కువైందని నాకే వంక పెట్టి వెళ్లారు.

మన చర్చి వాళ్లలో చాలామందికి నోరా గారు క్రిస్మస్‌కి మాతో వచ్చే ఐరిష్ ఆంటీగానే తెలుసు. ఆవిడ ఐర్లండ్‌లో సెనేటర్‌గా పనిచేశారు. మన రాజ్యసభ లాంటి ఎగువ సభ అది. రిటైరయ్యాక కూతురు మేవ్ దగ్గరికి, కెనడాలో మన ఈ కనాటా ఊరికి వచ్చేశారు.

ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, మేవ్ చెప్పింది. సరిచూసుకోనిదే నేను ఏదీ నమ్మనని మీకు తెలుసు. ఆ సభ చర్చలు ఇంటర్నెట్‌లో ఉంటే కూర్చుని చదివాను.

పల్లెలకు బస్సులు. ఆసుపత్రుల్లో భాష రాని రోగులు. ఇంట్లో జబ్బుమనిషిని చూసుకునే ఆడవాళ్లు. ఆవిడ మాట్లాడినవన్నీ ఇలాంటివే.

ఒక చర్చలో మంత్రి లేచి, మా అధికారులు ఇళ్లకు వెళ్లి చూశారు, కుటుంబాలు బాగానే నెట్టుకొస్తున్నాయి అన్నాడు. నోరా గారి జవాబు ఇది:

"మీ అధికారి వస్తున్నాడని ఆ ఇల్లాలు తెల్లవారే లేచి నేల కడిగింది, మంత్రిగారూ. మీ అధికారి చూసి వచ్చింది ఆ నేలను."

చదివి నవ్వాను. పోయిన ఏడాది అదే పరిస్థితి మా ఇంటికి వచ్చింది.

హెడ్మాస్టరుగా రిటైరైన మా వారికి పార్కిన్సన్స్. అబ్బాయి, కోడలు ఆఫీసులకు పోతే పగలంతా మేమిద్దరమే. ఉదయం స్నానం చేయించడానికి ప్రభుత్వం పంపే హోమ్ కేర్ అమ్మాయి వచ్చేది. ఆ సాయం ఇంకా అవసరమా లేదా అని చూడడానికి కోఆర్డినేటర్ వచ్చింది.

ఇంటికి మనిషి వస్తోందంటే మా హెడ్మాస్టరు గారు ఊరుకుంటారా? గడ్డం గీయించుకుని, కోటు తొడిగించుకుని, సోఫాలో నిటారుగా కూర్చున్నారు.

"ఎలా ఉన్నారు సర్?"

"ఫస్ట్ క్లాస్ మేడమ్! ముందు టీ తీసుకోండి."

నేను నోరు తెరవబోతే ఒక్క చూపు చూశారు. మన ఇళ్లలో ఆ చూపు తర్వాత మాట ఉండదు.

కొద్ది రోజులకు ఫోన్. సాయం ఆపేస్తున్నారు.

ఆయన్ను నేనొక్కదాన్ని లేపలేను. అంటే ఇక కేర్ హోమే. మతి తప్పిన వేళల్లో ఆయనకు ఇంగ్లీషు పోతుంది, తెలుగే మిగులుతుంది. అక్కడ ఆయన నీళ్లు అడిగితే ఎవరికి అర్థమవుతుంది?

కోపంతో ఈమెయిల్ రాశాను. నోరా గారు చదివి, పంపొద్దన్నారు.

"ఇందులో తప్పేముంది?" అన్నాను గట్టిగానే.

"ఒక్కటీ లేదు. కానీ ఇప్పుడు వాళ్లతో 'కాదు' అనిపిస్తే, ఆ 'కాదు' మీ ఫైల్లో కూర్చుంటుంది రత్నా."

అప్పుడు చెప్పారు. వాళ్ల సభలో సవరణను ఓటుకు పెట్టి ఓడిపోతే, ఆ బిల్లులో దాన్ని మళ్లీ తేలేరట. ఓడేలా ఉంటే ముందే వెనక్కి తీసుకుని, తర్వాతి దశలో మళ్లీ పెడతారట. రోగిని చూసుకునే మనిషిని విడిగా, ఇంకో గదిలో అడగాలని ఆవిడ తెచ్చిన సవరణను అలాగే వెనక్కి తీసుకున్నారు. పిరికిదని సొంత పార్టీవాళ్లే ఎగతాళి చేశారట. తర్వాతి దశలో మళ్లీ తెచ్చారు. నెగ్గింది.

అదీ సరిచూశాను. నిజమే.

ఈమెయిల్ పంపలేదు. మరోసారి వచ్చి చూడమని, నాతో విడిగా మాట్లాడమని మాత్రం మర్యాదగా అడిగాను.

కోఆర్డినేటర్ మళ్లీ వచ్చిన రోజు ఈయన మళ్లీ కోటు అడిగారు. వెళ్లి నోరా గారిని పిలుచుకొచ్చాను.

"సెనేటర్ మీరు. మీరే మాట్లాడండి" అన్నాను నోరా గారితో.

"ఇక్కడ నేను పక్కింటి ముసలిదాన్ని. ఇంట్లో జరిగేది తెలిసింది మీకు" అని, ఆవిడ హాల్లో ఈయన పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు నేర్పమన్నారు.

వంటింట్లో నేను, కోఆర్డినేటర్. హాల్లోంచి "అలా కాదు, మళ్లీ చెప్పు!" అని ఈయన గొంతు. ఎన్నేళ్లకో విన్న బడి గొంతు.

ఆ గొంతు వింటూ చెప్పాలి. నిజం చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఆయనే నా చెయ్యి దాటిపోతారు.

చెప్పాను. బాత్రూంలో పడిపోవడం చెప్పాను. ఒకరోజు నన్ను చూసి ఎవరు నువ్వని అడిగి, తలుపేసుకోవడం చెప్పాను. కన్నకొడుక్కి కూడా చెప్పని మాట అది.



సాయం ఆగలేదు. పెరిగింది. ఆయన ఇంట్లోనే ఉన్నారు.

అంత్యక్రియల వేళ మేవ్ చెప్పగానే ఈ గ్రూపులోనే పెడతాను. వచ్చేవారు వేళకు రండి.

నిన్నంతా ఈయనకు చెప్పే ధైర్యం రాలేదు. ఈ ఉదయం కిటికీలోంచి పక్కింటి ముందు కార్లు చూసి, ఏమిటని అడిగారు. చెప్పాను. 

హోమ్ కేర్ అమ్మాయి వచ్చి, రోజూ లాగే ఎలా ఉన్నారని అడిగింది.

ఆయన తలెత్తారు.

"బాగాలేనమ్మా. మా స్టూడెంట్ పోయింది."

తెలుగులోనే అన్నారు. ఆ అమ్మాయికి నేను ఇంగ్లీషులో చెప్పాను.

వెళ్లి రండి, నోరా గారూ. ఇక ఏ సభలోనూ మీ వంతు కోసం కాచుకోనక్కర్లేదు. దేవుడు మిమ్మల్ని తన దగ్గర చల్లగా ఉంచుగాక.