ఆయన ఇంగ్లీషుకు నా తెలుగు

డిగ్రీ అయిపోయిన ఏడాది నాగర్‌కర్నూల్‌లో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఇంటర్వ్యూకు వెళ్లాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. ఊరికో ఇంగ్లీషు మీడియం బోర్డు లేస్తున్న కాలం. మాది గద్వాల. మా నాయిన మగ్గం మీద చీరలు నేసేవాడు. నా బడి చదువు గద్వాలలో, డిగ్రీ వనపర్తిలో, అంతా తెలుగు మీడియమే. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కేంత వచ్చు. నోరు తెరిచి మాట్లాడింది మాత్రం ఆ రోజే మొదలు.

స్కూలు యజమానిని అందరూ కరస్పాండెంట్ సార్ అనేవాళ్లు. నలగని తెల్ల చొక్కా, ఎవరు మాట్లాడుతున్నా గోడ గడియారం వైపు చూసే అలవాటు. ఆయన గదిలో ఇంకో ఇద్దరు టీచర్లు, గుమాస్తా కూర్చుని ఉన్నారు. ఎందుకొచ్చావని ఇంగ్లీషులో అడిగాడు. బస్సులో దారి పొడుగునా వల్లె వేసుకున్న వాక్యం అప్పజెప్పాను.

"సర్, ఐయామ్ లుకింగ్ ఆఫ్టర్ ఏ జాబ్."

ఉద్యోగం వెతుక్కుంటున్నాను అని నా ఉద్దేశం. దానికి 'లుకింగ్ ఫర్' అనాలి. 'లుకింగ్ ఆఫ్టర్' అంటే ఆలనాపాలనా చూసుకోవడం. ఆ తేడా నాకప్పుడు తెలియదు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి తెలుగులో అన్నాడు. "ఉద్యోగానికేమైందమ్మా? జరమొచ్చిందా, నువ్వు చూసుకోనీకి?"

గదిలో అందరూ నవ్వారు. గుమాస్తా అయితే కళ్లు తుడుచుకున్నాడు. ఉద్యోగం ఇచ్చాడు. చిన్నపిల్లల తరగతిలో. "గీమెకు చూసుకునుడు ఇష్టమంట, పొల్లగాండ్ల ముక్కులు చూసుకుంటది" అన్నాడు టీచర్ల వైపు తిరిగి.

ఆ రోజు నుంచి నా పేరు పోయింది. 'ఆఫ్టర్ మేడం' అయ్యాను. మొదట ఆయన ఒక్కడే పిలిచాడు. తర్వాత గుమాస్తా, బస్సు డ్రైవరు, చివరికి పిల్లలు. అడ్మిషన్ కోసం వచ్చిన తల్లిదండ్రులకు కూడా నన్ను చూపించి ఆ ముచ్చట చెప్పి నవ్వించేవాడు. అది ఆయనకు టీ తర్వాత వక్కపొడి లాంటిది.

ఉద్యోగం మానేసి పోవచ్చు. కానీ ఇంటి దగ్గర నాయిన వాడకట్టంతా చెప్పుకున్నాడు, మా బిడ్డ ఇంగ్లీషు స్కూల్లో టీచరని. పళ్లు బిగబట్టి ఉన్నాను.

దసరా ముందు నాయిన నన్ను చూడటానికి వచ్చాడు. నేను తరగతిలో ఉన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడట, "ఎవరు గావాలె? ఆఫ్టర్ మేడమా?" అని. పిల్లలు పరుగెత్తుకొచ్చి "ఆఫ్టర్ మేడం, మీ నాయినొచ్చిండు" అని గుమ్మం దగ్గర కేకలు పెట్టారు. బయటికి వచ్చేసరికి నాయిన కొంకర్లు తిరిగిన వేళ్లతో సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖమంతా సంతోషం.

"ఏం పేరు బిడ్డ గది? అందరు గట్లనే అంటుండ్రు."

"చిన్న పిల్లల టీచరును ఇంగ్లీషుల గట్లంటరు నాయినా."

"మంచిగుంది" అన్నాడు. బస్టాండు దాకా వెళ్లి ఎక్కించాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, పక్కన కూర్చున్న ఎవరికో నన్ను చూపించి, "మా బిడ్డ. ఆఫ్టర్ మేడం అంటరు" అని చెప్పడం వినబడింది.

అక్కడే, ఆ దుమ్ములో నిలబడి, ఈ కరస్పాండెంట్ సారును వదలనని అనుకున్నాను. కోపం కాదది. కోపం చల్లారుతుంది.

పై తరగతులకు ఇంగ్లీషు చెప్పే మేడం, నేను ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. ఆమెది వనపర్తి. నాకంటే పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నేర్పమని అడిగాను. తన డిక్షనరీ నా ముందు పెట్టి, "ఒక్క క్రియనే పట్టుకుంటే ఏం రాదు చెల్లె. దాని పక్కల ఏం నిలబడ్డదో చూడు. అర్థం మొత్తం ఆడనే మారుతది" అంది.

మొదట్లో తల తిరిగింది. 'లుక్' ఒక్కటే. దాని పక్కన 'ఎట్' వస్తే చూడటం, 'ఫర్' వస్తే వెతకడం, 'ఇంటూ' వస్తే విచారించడం. ఇదేం న్యాయమని విసుక్కుంటే అక్క నవ్వింది.

"మనకు లేదా? కంట పడుడు, వెంట పడుడు, మీద పడుడు, దారిన పడుడు. పడుడు ఒక్కటే గద? కంట పడ్డోడు మంచోడు గావచ్చు, వెంట పడ్డోడు గాడు."

ఆ మాటతో తాళం ఊడినట్టయింది. ఆ తర్వాత ఏ క్రియ కనిపించినా దాని పక్కనున్నదాన్ని ముందు చూసేదాన్ని. పాత ఇంగ్లీషు పేపర్లు తెచ్చుకుని చదివాను. పిల్లల ముక్కులు తుడుస్తూ లోపల గొణుక్కున్నాను. రెండేళ్లు గడిచేసరికి ఇంకో సంగతి తెలిసొచ్చింది. కరస్పాండెంట్ సారుకు కూడా ఇవి రావు.

ఆయన ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు, కానీ క్రియ పక్కన ఏది తోస్తే అది పెడతాడు. మా చిన్న తరగతుల మీటింగులో ఒక్కో తప్పు వింటుంటే నాకు ఒళ్లు పులకరించేది. గదికొచ్చి అక్కకు చెప్పేదాన్ని.

"మొఖం మీదనే చెప్పకపోయినవా?" అని అడిగింది ఒకసారి.

"గదిల నలుగురున్నప్పుడు జెప్తే ఏమొస్తదక్కా? పండనీ."

వార్షికోత్సవానికి పెద్ద అధికారి ఒకాయన ముఖ్య అతిథిగా వస్తున్నాడని తెలిసింది. ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. కరస్పాండెంట్ సార్ ఇంగ్లీషులో ఉపన్యసించాలని నిర్ణయించుకున్నాడు. వచ్చే తల్లిదండ్రులేమో బిజినేపల్లి వైపు పల్లెల నుంచి వచ్చే రైతులు. వాళ్లకు తెలుగులో చెప్పడానికి ఒకరు కావాలి. అక్కకు పిల్లల నాటకం పని అప్పగించడంతో నన్ను పిలిచాడు.

"నేను ఇంగ్లీషుల జెప్త, నువ్వు తెలుగుల జెప్పాలె. తెలుగన్న వస్తదా నీకు?"

"వస్తది సార్."

"నీ సొంతం కలుపొద్దు. నేనేమంటే గదే చెప్పు. ఒక్క ముక్క మార్చొద్దు."

"మార్చను సార్" అన్నాను.

స్కూలు మైదానం నిండిపోయింది. వేదిక మీద ఒక మైకు ఆయనకు, పక్కకు జరిపి ఒకటి నాకు. ఒక్కో వాక్యం చెప్పి, నేను తెలుగు చెప్పే లోపల ఆయన అధికారి వైపు వంగి ఏదో మాట్లాడుతున్నాడు. నా తెలుగు వినాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. మొదటి మాటలన్నీ స్వాగతాలు, వందనాలు. ఉన్నవి ఉన్నట్టే చెప్పాను.

తర్వాత చెయ్యెత్తి మేడ మీది తన గదిని చూపిస్తూ, "ఫ్రమ్ మై రూమ్, ఐ లుక్ డౌన్ ఆన్ ఎవ్రీ చైల్డ్" అన్నాడు.

పై నుంచి ప్రతి పిల్లవాణ్నీ కనిపెట్టి చూస్తుంటాను అని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశం నాకు తెలుసు. ఇంటర్వ్యూ రోజు నా ఉద్దేశం ఆయనకూ తెలుసు.

"పైన నా గదిల కూసోని ప్రతి పిల్లగాన్ని చిన్నచూపు చూస్త" అన్నాను మైకులో, నిదానంగా.

జనంలో చిన్న కదలిక. ముందు వరుస ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అవర్ టీచర్స్ ప్లే విత్ ద చిల్డ్రన్. దే లాఫ్ ఎట్ ద చిల్డ్రన్."

"మా టీచర్లు పిల్లలతోని ఆడుకుంటరు. పిల్లలను ఎగతాళి చేసి నవ్వుతరు."

ఈసారి వెనక నుంచి నవ్వులు వచ్చాయి. తన మాటలు బాగా అందుతున్నాయనుకున్నాడు. గొంతు పెంచాడు. "అండ్ ద పేరెంట్స్? ఐ పుట్ అప్ విత్ ఆల్ ద పేరెంట్స్."

కలిసిమెలిసి ఉంటానని చెప్పబోయాడు. నేను ఊపిరి తీసుకుని, అందరికీ వినబడేలా చెప్పాను. "తల్లిదండ్రులు ఎట్ల ఉన్నా, తప్పదని భరిస్తున్న."

మధ్య వరుసలో తలపాగా పెద్దాయన ఒకడు లేచి నిలబడ్డాడు. "సారూ, నువ్వు మమ్ముల భరిస్తున్నవా? ఫీజులు భరిస్తున్నది మేము గద?"

మైదానమంతా గొల్లుమంది. కరస్పాండెంట్ సార్ ముఖం పాలిపోయింది. మైకులో తెలుగులోకి దిగాడు.

"నేను గట్ల అనలే."

"అన్నరు సార్" అని, ఆయన ఇంగ్లీషు వాక్యాలు మూడూ వరసగా, నెమ్మదిగా, మైకులో తిరిగి చదివినట్టు చెప్పాను. ఆయన సాయం కోసం అధికారి వైపు తిరిగాడు. అధికారి చేతి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, అవునన్నట్టు తల ఊపాడు.

ఉపన్యాసం అక్కడితో ముగిసింది.

మర్నాడు గదికి పిలిచాడు. గుమాస్తా ఉన్నాడు, టీచర్లు ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. "కావాలని చేసినవ్ గద?" అన్నాడు. నేను అక్క డిక్షనరీ తెరిచి, ఆయన బల్ల మీద పెట్టి, 'లుక్' పేజీలో వేలు పెట్టి చూపించాను. ఆయన చదివాడు. గడియారం వైపు చూడలేదు. "పో" అన్నాడు. పోయాను. అప్పటికే వనపర్తిలో ఒక ట్యూషన్ సెంటరులో మాట్లాడి పెట్టుకున్నాను.

ఊళ్లో ఆయనకు చిన్నచూపు సారు అని పేరు పడిందని అక్క కబురు చెప్పింది. ఎవరో పిల్లవాడు గేటు గోడ మీద బొగ్గుతో రాస్తే సున్నం కొట్టించాడట, మళ్లీ రాశారట. ఆ కబురు విన్న రోజు నేను రెండు పూటలూ కడుపునిండా తిన్నాను. జాలిపడాలని పెద్దవాళ్లు అంటారు. ప్రయత్నించాను, రాలేదు.

కొన్నేళ్లకు ఆయన వనపర్తి బస్టాండులో కనిపించాడు. నేను వీపనగండ్ల బస్సు కోసం ఉన్నాను. నన్ను చూసి లేచి, అవతలి బెంచీ మీదికి మారాడు. నేనూ లేచి వెళ్లి, సరిగ్గా ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. ఆయన పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు ఒక్క పేజీ కూడా తిప్పలేదు. నా బస్సు వచ్చింది. కండక్టరు వీపనగండ్ల, వీపనగండ్ల అని అరిచాడు. పోనిచ్చాను.