అన్న తలపైన ఐదుగురు పెద్దమనుషులు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మనిషి పెద్దవాడయ్యాడో లేదో తెలుసుకోవడానికి అతని ఇల్లూ వాకిలీ చూడనక్కరలేదు, ఊరి సర్కిల్లో అతని ఫ్లెక్సు ఎంత పొడుగుందో చూస్తే సరిపోయేది. (ఇప్పుడూ అంతేననుకోండి. అప్పుడు ఫ్లెక్సు కొత్త, ఇప్పుడు నిషేధం. కట్టేవాళ్లు అప్పుడూ కట్టారు, ఇప్పుడూ కడుతున్నారు.) అందుకే వెనకటి నియంతల గురించి చదివినప్పుడల్లా నాకు వాళ్ల మీద జాలి వేస్తుంది. తమ బొమ్మ ఊరూరా కనబడాలంటే పాపం రాయి తెప్పించాలి, శిల్పిని పిలిపించాలి, ముక్కు సరిగ్గా రాకపోతే ఆ శిల్పిని జైల్లో వేయించాలి, ఎంత యాతన! మన నాయకులకు ఆ బాధ లేదు. పొద్దున ఫోటో పంపిస్తే మధ్యాహ్నం భోజనాల వేళకు తాటిచెట్టంత మనిషి సిద్ధం. ముక్కు సంగతంటారా, దాన్ని నేనే కంప్యూటర్లో సరిచేసేవాణ్ణి.

డిగ్రీ పూర్తిచేసి, సాదలిలో మా నాయన పెంచే పట్టుపురుగులకు ఆకు వేస్తూ కూర్చున్న నన్ను మా మామ, అంటే అమ్మకు సొంత తమ్ముడు, చింతామణిలోని తన ఫ్లెక్సు అంగడికి పిలిపించుకున్నాడు. చేరిన కొద్ది రోజులకే ఒక పెళ్లి ఫ్లెక్సులో పెళ్లికొడుకు పక్కన పెళ్లికూతురికి బదులు వాళ్ల మేనత్తను నిలబెట్టి, రెండు కుటుంబాల చేతా తిట్లు తిన్నాను. "ఇంగొక్క తప్పు చేసినావంటే ఆ పొద్దే బస్సెక్కిస్తా, పొయ్యి నీ పురుగులకు ఆకేసుకో!" అన్నాడు మామ. పురుగుల మీద నాకేమీ కోపం లేదు గానీ, చింతామణిలో ప్యాంటు మడత నలగకుండా కంప్యూటర్ ముందు కూర్చునే దర్జా మరిగాక మళ్లీ తట్టలు మోయాలంటే ప్రాణం పోయినట్టే ఉండేది. అందుకని మామ చెప్పింది చెప్పినట్టు వినేవాణ్ణి. ఆయన చెప్పేది కూడా ఒకటే మాట: "అచ్చరాలు ఎవురూ సదవరప్పా. మొగాలు సూస్తారు. మొగం బాగుంటే అంతా బాగున్నట్టే."

ఆ ప్రకారం మా అంగట్లో పుట్టినరోజుకైనా, గుడి ఉత్సవానికైనా, కాలేజీ ఫంక్షనుకైనా అచ్చు ఒకటే. పైన వరసలో గుండ్రటి చట్రాల్లో పార్టీ పెద్దలు, నడుమ నిలువెత్తు నాయకుడు, కింద ఆవగింజల్లా అభిమానులు. ఈ అభిమానుల దగ్గరే ఉంది అసలు తంటా. బాగేపల్లి తాలూకా అంతా 'అన్నా' అని పిలిచే నాయకుడొకాయన ఉండేవాడు. ఆయన పుట్టినరోజు ఫ్లెక్సు చేసేటప్పుడు కార్యకర్తలందరూ నా కుర్చీ వెనక గుమిగూడి, "వాని మొగం నాకన్నా పెద్దగా ఉండాది, తగ్గించు," "నేను అన్న కాళ్ల కాడ గాదప్పా, సెయ్యి కాడ ఉండాల," అని నా బుర్ర తినేశారు. పాతకాలపు నియంత పక్కన నిలబడమంటే జనం వణికేవాళ్లట. మనవాళ్లు అన్న మోచేతి కింద చోటు కోసం కొట్టుకుంటారు, పైగా ఖర్చు వాళ్లదే.

సరిగ్గా ఆ గలాటాలోనే బాగేపల్లి కాలేజీలో చరిత్ర చెప్పే సార్ వచ్చారు. ఆయనది ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం, మనిషి మాత్రం మహా ఉత్సాహి. పిల్లలతో ప్రదర్శన పెట్టిస్తున్నానని, 'ప్రపంచ నియంతలు, వారి పతనం' అని కన్నడంలో పెద్ద అక్షరాలతో ఒక ఫ్లెక్సు కావాలని, ఐదుగురు నియంతల ఫోటోలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చారు. అన్న పీయే కూడా ఐదుగురు పార్టీ పెద్దల ఫోటోలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి ఉన్నాడు. రెండూ నల్లవే. రెండింట్లోనూ ఫోటోల పేర్లు ఒకటి, రెండు, మూడు అనే ఉన్నాయి. కరెంటు పోయేలోపు పని ముగించాలని మామ తరుముతున్నాడు, మోచేతి కింద చోటు కోసం ఒకాయన నా భుజం గిల్లుతున్నాడు. కింది మొగాలు చూసుకోవడంలో పై మొగాలు చూడనేలేదు. రెండు ఫ్లెక్సులూ సాయంత్రానికి బాగేపల్లి వెళ్లిపోయాయి.

మర్నాడు అన్న పుట్టినరోజు భోజనానికని మామా నేనూ బాగేపల్లిలో బస్సు దిగాం. తలెత్తి చూశాను. సర్కిల్లో అన్న రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు, ఆయన తలపైన వరసగా ఐదుగురు: ముక్కు కింద ముక్కంత మీసమున్నాయన, గుబురు మీసాల్లోంచి పైపు బయటికొచ్చినాయన, దవడ ముందుకు తోసిన బోడిగుండాయన, రొమ్మంతా పతకాలు తగిలించుకున్న జనరల్, నల్ల కళ్లద్దాల ఇంకొకాయన. వాళ్ల కింద 'మీ ఆశీస్సులే మాకు శ్రీరక్ష' అని నేను రాసిన అక్షరాలు. మామకు చూపిస్తే, తిట్టడానికి నోరు తెరిచి, మా అమ్మ తన సొంత అక్కేనని గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాడు. తల పట్టుకుని, "అంగడి పాయ. మనకింక యాపారం లేదు, ఊర్లో బతుకూ లేదు," అన్నాడు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

విప్పేద్దామంటే అప్పటికే జేసీబీ తొండానికి ఆపిల్ పండ్ల హారం వేలాడుతోంది, కింద జనం. అన్న కారు దిగాడు, హారం వేయించుకున్నాడు, నెమ్మదిగా తలెత్తి ఫ్లెక్సు చూశాడు. నేను మామ వెనక దాక్కున్నాను, మామ టీ అంగడి స్తంభం వెనక దాక్కున్నాడు.

"ఈ మీసాలాయన్ని యాడో సూసినట్టుండాదే," అన్నాడు అన్న.

పీయే ఒక్క క్షణం ఆలోచించాడు. తెలియదంటే ఉద్యోగానికే మోసం. "హైకమాండన్నా. కొత్తగా వచ్చినారు."

"అవునవును," అన్నాడు పక్కనున్న కార్యకర్త, "మా నాయన డిల్లీకి పోయినప్పుడు ఈయనింట్లో కాపీ తాగినాడన్నా. శానా మంచోళ్లు."

అన్న ఆ మీసాలాయనకు భక్తిగా నమస్కారం పెట్టాడు. ఆయన పెట్టాడు గనక జనమంతా పెట్టారు. మామ కూడా పెట్టాడు, నేను కళ్లారా చూశాను.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకో పిడుగు. నియంతలు ఇక్కడుంటే మరి పార్టీ పెద్దలు ఎక్కడున్నట్టు? పైగా కేకు కోశాక కాలేజీ ప్రదర్శన ప్రారంభించేది కూడా అన్నే. ఇద్దరం పరుగో పరుగు. కాలేజీ వాకిట్లో చరిత్ర సార్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆయన వెనక గోడకు 'ప్రపంచ నియంతలు, వారి పతనం' అనే అక్షరాల కింద పార్టీ పెద్దలు ఐదుగురూ చల్లగా నవ్వుతున్నారు.

"ఏమప్పా ఇట్ల చేస్తివి? వచ్చే ఏడు నా ఉద్యోగం ఉండాలా, వద్దా?" అన్నారు సార్. ఆయనింట్లో ఇద్దరు చిన్నపిల్లలని నాకు తెలుసు. పురుగుల తట్టల భయం అంతటితో పోయింది, ఈయన గతి ఏం కాను అన్నదే మిగిలింది. బెంచీ ఎక్కి తాడు విప్పబోతుంటే గేటు దగ్గర డోలు మోగింది.

అన్న రిబ్బను కోసి లోపలికొచ్చి, ఫ్లెక్సు చూసి ఆగిపోయాడు. "అరెరె, మన పెద్దోళ్లంతా ఈడ ఉండారే!" అని కళ్లు తుడుచుకున్నాడు. మామ మాటే నిజమైంది, అక్షరాల వైపు ఆయన కన్నే పోలేదు. కానీ అంతలోనే మొహం ముడుచుకుంది. "అందర్నీ ఏసినారు. నన్నెట్ల మర్సిపోయినారు సార్? ఈ తాలూకాకు నేనేమీ సెయ్యలేదా?"

సార్ నా వైపు చూశారు. బెంచీ మీదున్న నా నోటికే ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చింది: "మర్సిపోలేదన్నా! మీకని జాగా పెట్టినాము. మీ సేతులతోనే అంటించాలని సార్ ఆశ."

పీయే సంచిలో అన్న ఫోటో స్టిక్కర్లు ఎప్పుడూ ఉండేవే. అన్న ఒకటి తీసి, వెనక కాగితం ఒలిచి, నియంతల వరసలో ఆరోవాడిగా తనను తానే అంటించుకుని, ఊడిపోకుండా అరచేత్తో గట్టిగా రుద్దాడు. చదవడం వచ్చిన పిల్లలు చూశారు. చప్పట్లు మొదలుపెట్టారు. ఆపలేదు. నవ్వు ఆపుకోలేక కొట్టే చప్పట్లవి. అన్న మాత్రం, "ఎంత ప్రేమప్పా ఈ పిల్లోళ్లకు!" అనుకుంటూ చేతులూపుతూ వెళ్లిపోయాడు. చరిత్ర సార్ నేల మీద చతికిలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. మరుసటి ఏడు ఆయన ఉద్యోగం పొడిగించమని అన్నే స్వయంగా సిఫారసు చేశాడు. ఆ ఏడంతా మా అంగడికి చేతినిండా పని. నన్ను మామ బస్సెక్కించలేదు, పైగా నలుగురిలో తెలివైనవాడని చెప్పుకున్నాడు. సర్కిల్లోని ఫ్లెక్సు చివరికి సాదలి చేరి, వానాకాలంలో మా పురుగుల కొట్టం పైకప్పయింది. నియంతలూ అన్నా కలిసికట్టుగా పురుగుల్ని కాపాడారు, అంతవరకు ఒప్పుకోవాలి.

ఇప్పుడు నాకే చిక్కబళ్లాపురంలో సొంత అంగడి ఉంది. డిజైన్ పనికి ఇద్దరు అమ్మాయిలున్నారు, ఈ కథ వాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. (విన్న ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వుతారు, జీతమిచ్చేది నేనే కదా.) మొన్న నా పుట్టినరోజుకు అంగడి ముందు నా ఫ్లెక్సు కట్టారు. వద్దు వద్దంటూనే దాని కింద నిలబడి ఫోటోలు దిగాను. "నా మొగం ఇంకా కొంచెం పెద్దది చెయ్యాల్సిందమ్మా," అని ఒకమాట కూడా అన్నాను. సాయంత్రం గుడికెళ్లి వస్తూ మా ఆవిడ అంగడి ముందు ఆగి, తలెత్తి, అడిగింది.

"ఏమండీ, మీ తలపైన ఆ మీసాలాయన ఎవరు?"

చూశాను. ఐదుగురూ ఉన్నారు. లోపల అమ్మాయిలిద్దరూ కంప్యూటర్ వెనక దాక్కుని కిసుక్కుమంటున్నారు. పొద్దుటినుంచి నేను ఒక్కసారి కూడా నా మొహం దాటి పైకి చూడలేదు.

"హైకమాండ్," అన్నాను.