కాలు తియ్యమన్న మాస్టారు

మా డ్రైవింగు మాస్టారు పోయారని రాజోలు బస్సులో తెలిసింది. చెప్పిన కండక్టరు "ఎంతమందికి అన్నం పెట్టేరండీ, దేవుడండీ ఆయన" అన్నాడు. బతికుండగా ఆయన్ని చాదస్తం మాస్టారని పిలిచిందీ వీళ్లే. ఒళ్లు మండింది.

డెబ్బైల చివర్లో నేను నేర్చుకునేనాటికి అమలాపురంలో మిగతావాళ్లు నెల తిరక్కుండా లైసెన్సు ఇప్పించేవారు. ఈయన దగ్గర స్టీరింగు ముట్టుకోవడానికే బోలెడు రోజులు పట్టేది. ముందు పక్క సీట్లో కూర్చుని, కనపడిందల్లా పైకి చెప్పాలి.

"గేదండి. సైకిలండి. కాలవగట్టు మలుపండి."

"గేదె ఎనకాల ఏమొత్తందో చెప్పవేంట్రా?"

దూడ వచ్చేది.

అసలు పరీక్ష స్టీరింగు చేతికిచ్చాక. ఏ బస్సో మమ్మల్ని దాటగానే "నీ మొహాన దుమ్ము కొట్టి పోతన్నాడ్రా ఆడు, చూత్తా కూచుంటావా?" అని ఎగదోసేవారు. పౌరుషానికి పోయి యాక్సిలరేటర్ తొక్కామో, అక్కడే దింపేసి ఇంటిదాకా నడిపించేవారు. "కాలు తియ్యి ముందు. కోపం సంగతి తర్వాత చూసుకుందాం" అనేవారు. నేనిన్నేళ్లూ లారీ తోలి క్షేమంగా ఇంటికొస్తున్నానంటే ఆ తిట్ల చలవే.

ఆయన మేనల్లుడికి స్టీరింగు మా అందరికంటే బాగా తిరిగేది. కాలే ఆగేది కాదు. "ఇంకొన్నాళ్లు ఆగాలమ్మా" అని చెల్లెలికి చెప్పారు.

"సొంత మేనల్లుణ్ణి పైకి రానివ్వవా అన్నయ్యా?" అని ఆవిడ మాటలు మానేసింది. కుర్రాడు వేరేచోట లైసెన్సు తెచ్చుకుని టాక్సీ తోలడం మొదలెట్టాడు.

మినుము తీసే రోజుల్లో మావాళ్లు ఎండిన మొక్కలు తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, బళ్లు తొక్కితే గింజ రాలుతుందని. దాని మీద టైరు నిలవదు. మాస్టారు అక్కడ బండి వేగం మనిషి నడకకి దించమనేవారు. మేనల్లుడు మాత్రం, రైతు "రండి బాబూ, తొక్కించండి" అని చెయ్యూపగానే హుషారుగా దూకించాడు. కారు జారి కాలవలో పడింది. వాడు బతకలేదు.

ఆ తర్వాత మాస్టారు ఎవర్నీ ఎగదోయలేదు. ప్రతి క్రిస్మస్‌కీ చెల్లెలి గుమ్మం దాకా వెళ్లేవారు. ఆవిడ తలుపు తీసేది కాదు. వీధిలోవాళ్లు కూడా ఈయన్నే తప్పుపట్టారు.

మొన్న మాస్టారి భూస్థాపనకి ఆవిడ సమాధుల తోటకి వచ్చింది. "నువ్వు నేర్పుంటే నా కొడుకు ఉండేవోడన్నయ్యా" అని ఏడ్చింది. నేనిక ఆగలేకపోయాను.

"నేర్పనన్లేదండీ. ఆగమన్నారు" అన్నాను.

"ఆయ్, తెలుసు బాబూ" అంది నెమ్మదిగా. "తెలిసే తలుపు తియ్యలేదు. ఏ మొహంతో తీత్తాను?"

జాలిపడాలి. పడలేకపోయాను. పెట్టె అంచు పట్టుకున్న ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాకే మూత వెయ్యగలిగాం.