గండికోట లోయలో నా లీడర్‌గిరి

ఆ రోజుల్లో నాకు అబద్ధమాడటం రాదు గానీ గొప్పలు చెప్పుకోవడం మాత్రం బాగా వచ్చు. రెండూ ఒకటేనని తెలుసుకోవడానికి గండికోట లోయలోకి దిగాల్సి వచ్చింది. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగానికి చేరిన మొదటి ఏడాది అది. సిమెంటు దిమ్మెలు పోత పోయడం, వాటిని మిషన్లో పెట్టి ఎంత ఒత్తిడికి పగులుతాయో రాసుకోవడం, ఇదీ నా పని. (ఇంటికొచ్చి తల దువ్వుకుంటే దువ్వెన బూడిదరంగుకు తిరిగేది.) ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర, మా సీనియర్ ఒకామె, డోన్ నుంచి వచ్చింది కాబట్టి అందరికీ డోన్ అక్క, "ఇంత దగ్గరుండి గండికోట లోయ సూడలేదంటే సిగ్గుగా ఉండాది" అనింది. నేను ముద్ద మింగకుండానే "ఆ లోయంతా నాకు తెలుసక్కా! మాది జమ్మలమడుగే కదా, ఎన్నిసార్లు దిగింటానో" అనేశాను. నిజానికి ఏడో తరగతిలో బడి పిల్లలతో పోయి, కోట అంచున నిలబడి, కిందికి చూసి, కళ్ళు తిరిగి, టీచరమ్మ ఒళ్ళో పడుకుని తిరిగొచ్చినదాన్ని.

"అయితే నువ్వే మాకు లీడరు" అన్నాడు సెల్ఫీ. (ప్యాకింగ్ సెక్షన్ అతను. ఫోటో తీసుకోకుండా టీ కూడా తాగడు, అందుకని ఆ పేరు.)

లీడరనే మాట చెవిన పడ్డాక ఇక నేను నేలమీద లేను. నాలుగు రోజులు ఫోన్లో వీడియోలు చూసి, కంప్యూటర్లో గళ్ళు గీసి, రోజంతటికీ ఒక టైమ్ టేబుల్ తయారు చేశాను. 'ఐదున్నర: బయలుదేరుట. ఆరున్నర: సూర్యోదయం చూసి ఆనందించుట. ఏడు నుంచి ఏడూ ఇరవై: ఉగ్గాని తినుట. ఏడున్నర: లోయలోకి దిగుట. పది: పెన్న చేరుట. పదీ పది: నీళ్ళలో కాళ్ళు పెట్టుట...' అలా సాయంత్రం సూర్యాస్తమయం చూసి మళ్ళీ ఆనందించుట దాకా. అడుగున నియమాలు: బూట్లు తప్పనిసరి, సంచి మూడు కేజీలు దాటరాదు, లీడరు విజిల్ ఊదితే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగవలెను. తలా ఒక కాగితం ఇచ్చాను. సెల్ఫీ దాన్ని పట్టుకుని ఫోటో తీసుకున్నాడు.

అంతా అయ్యాక అమ్మ అడ్డం పడింది. "రాళ్ళలోకి, గుట్టల్లోకి నిన్నొక్కదాన్నే పంపేది లేదు. చిన్నమ్మ వస్తేనే పో" అనింది. చిన్నమ్మంటే అమ్మ చెల్లెలు. మా పక్క వీధిలోనే ఉంటుంది. పెళ్ళయినప్పటి నుంచీ గుంత మగ్గంలో కూర్చుని, కాళ్ళతో కర్రలు తొక్కుతూ చీరలు నేస్తోంది. గండికోట పదిహేను కిలోమీటర్లే అయినా ఒక్కసారీ చూడలేదు. పోయి అడిగితే మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండానే "మగ్గం దిగితే గదమ్మే సూసేది" అనింది. నాకు లోపల సంతోషం. ఆమే రానంటే అమ్మ నన్నొక్కదాన్నే పోనిస్తుందిలే అనుకుని, ఇంకొంచెం భయపెడదామని, "ఇది ట్రెక్కింగు చిన్నమ్మా, నీకు శానా కష్టం" అన్నాను. నాడె ఆగింది.

"ఏందది?"

"నడుచుకుంటా కొండ దిగి, మళ్ళీ ఎక్కడం."

"దానికి పేరు గూడా పెట్నారా? అయితే వస్తా."

ఆదివారం తెల్లారేసరికి చిన్నమ్మ హవాయి చెప్పులేసుకుని, ఎనిమిది కేజీలకు తగ్గని మూట నెత్తిన పెట్టుకుని బస్టాండులో నిలబడింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి. నేను నియమం గుర్తు చేశాను. "మూట నేను మోస్తా. తినేటప్పుడు నువ్వు నీ కాగితం తిను" అనింది. డోన్ అక్క నవ్వి నవ్వి, మాకోసం ఆగిన ఆటో కమ్మీ పట్టుకుంది.

కోట దాటి లోయ అంచుకు చేరేసరికి సూర్యుడు నాకోసం ఆగకుండా ఎప్పుడో వచ్చేసి ఉన్నాడు. ఎర్రటి రాతి గోడలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు, ఎక్కడో పాతాళంలో పచ్చగా పెన్న. చిన్నమ్మ మూట దించి, నోరు తెరుచుకుని చాలాసేపు చూసింది. సెల్ఫీ "ఓ!" అని అరిస్తే అవతలి గోడ "ఓ!" అనింది. చిన్నమ్మ ఉలిక్కిపడింది. "ఏమన్నా పలుకుతాదా?" అని అడిగింది. ఏమన్నా పలుకుతుందన్నాడు సెల్ఫీ. అప్పుడు చిన్నమ్మ కొంగు నడుముకు దోపి, గొంతంతా విప్పి చిన్నాయన పేరు పెట్టి పిలిచింది. పాతికేళ్ళ కాపురంలో ఆ పేరు ఆమె నోట విన్నవాళ్ళు లేరు. రేషను కార్డు దగ్గర కూడా పక్కవాళ్ళతో చెప్పించేది. లోయ దాన్ని మూడుసార్లు పలికింది. చిన్నమ్మ మొహం కొంగులో దాచుకుని చిన్నపిల్ల మాదిరి నవ్వింది, మళ్ళీ పిలిచింది. నా టైమ్ టేబుల్లో ముప్పావు గంట ఎగిరిపోయింది.

దిగడం మొదలుపెట్టాం. పది నిమిషాలకే ఫోన్లో సిగ్నల్ పోయింది. దారి రెండుగా చీలినచోట, ఏమాత్రం తడబడకుండా, "ఎడమకు" అన్నాను. (ఎందుకో ఇప్పటికీ తెలియదు.) ముందు నేను, వెనక వాళ్ళు. కాసేపటికి దారి పోయి బండలే మిగిలాయి. ఒక పెద్ద బండ మీద నుంచి నా కొత్త బూట్లు జర్రున జారాయి. కింద ఒక చిన్న గట్టు మీద ఆగాను. పైకి చెయ్యి అందదు, కిందికి కాలు అందదు. భయంతో విజిల్ ఊదాను. ఎవరూ రాలేదు. మళ్ళీ ఊదాను. నియమం ప్రకారం ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు!

చివరికి చిన్నమ్మే చెప్పులు విడిచేసి, బండ వారగా కూర్చుని జరుగుతూ నా దగ్గరికి వచ్చింది. "కిందికి సూడాకు. నా మొగం సూడు" అంటూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "నిజం చెప్పు మే. ముందెప్పుడన్నా ఈడ దిగినావా?"

నేను ఏడుపు గొంతుతో "లేదు చిన్నమ్మా!" అని అరిచాను.

"లేదు చిన్నమ్మా" అనింది అవతలి గోడ. "లేదు చిన్నమ్మా" అనింది ఇంకా అవతలిది. పైనుంచి డోన్ అక్క, సెల్ఫీ పగలబడి నవ్విన నవ్వు లోయంతా నిండింది. పట్టుకున్న చెయ్యి వదలకుండానే చిన్నమ్మా నవ్వింది. నవ్వలేనిది నేనొక్కదాన్నే, అదీ కొంచెంసేపే.

చిన్నమ్మ నన్ను పైకి లాగి, నేలమీద మేకల పెంటికలు వెతికింది. "మేకలు నీళ్ళకు పోకుండా ఉంటాయా? వాటి ఎనకమాలే పోదాం" అనింది. పోయాం. పన్నెండున్నరకు పెన్న ఒడ్డున నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని జొన్నరొట్టెలు తిన్నాం. నా కాగితం తినే అవసరం ఎవరికీ రాలేదు. ఎక్కేటప్పుడు మేం ముగ్గురం పది అడుగులకొకసారి కూలబడుతుంటే, రోజూ మగ్గం తొక్కే కాళ్ళతో చిన్నమ్మ ఆగకుండా ముందుకు పోయి, పైనుంచి "రాండప్పా, రాండి!" అని పిలుస్తూనే ఉంది.

రెండు వారాల తర్వాత ల్యాబులో డోన్ అక్క నా పక్కకొచ్చింది. "వచ్చే ఆదివారం మళ్ళీ పోదామనుకుంటాండాం. మీ చిన్నమ్మను అడిగి చెప్పు. నీకు వీలుకాకపోతే పర్లేదులే" అనింది. ఆ రోజంతా అలిగాను. సాయంత్రం మాత్రం పోయి చిన్నమ్మకు చెప్పాను. తల ఎత్తకుండా "ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది.

ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. నా చేతికింద కొత్తగా చేరిన పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా తెలియనిదాన్ని తెలుసని ఛాతీ విరుచుకుని చెబితే అప్పటి నేను, ఆ బూడిదరంగు దువ్వెన పిల్ల గుర్తొస్తుంది. సిగ్గేస్తుంది గానీ కోపం రాదు. ఆ పిల్ల అంత గొప్పలు పోకపోయుంటే, మా చిన్నమ్మ చిన్నాయన పేరును అంత గట్టిగా ఎప్పుడు పిలిచేది?