ఏడు జేబుల గుడ్డ

నర్సమ్మ చేతులు క్లినిక్కు గోడకు వేలాడే గుడ్డలో మంగళవారం జేబును ఖాళీ చేస్తున్నాయి. పాత దుప్పటితో, వారంలో రోజుకొకటి చొప్పున ఏడు జేబులు ఆమే కుట్టుకుంది. పరీక్షకు పంపిన ప్రతి రోగి పేరూ చీటీ మీద రాసి, రిపోర్టు రావలసిన రోజు జేబులో వేస్తుంది. డాక్టరమ్మ రిపోర్టు చూసి రోగికి చెప్పేదాకా చీటీ చింపదు. ఈ గుడ్డ లేనప్పుడు, రిపోర్టు వచ్చిందో లేదో ఇంకొకరు చూసుంటారులే అని అందరూ అనుకునేవారు. ఆ రోజు ఒక చీటీ మిగిలింది. మెడలో గడ్డకు సూది పరీక్ష చేయించుకున్న బస్సు కండక్టరుది. ల్యాబుకు ఫోన్ చేస్తే, "ఎప్పుడో పంపేశాం కదమ్మా!" అన్నారు. "అక్కడ బయల్దేరిందేమో గానీ ఇక్కడ దిగలేదు బాబూ, మళ్లీ పంపండి," అంది. వేరే క్లినిక్కుకు వెళ్లిపోయిన రిపోర్టు గంటలో చేరింది.

నర్సమ్మ ఫోన్ చేసి పిలిస్తే సాయంత్రం కండక్టరు వచ్చాడు. "ఇందాకటిదాకా కబురు రాలేదుగా, అంతా బాగానే ఉందనుకున్నా అక్కా."

"టికెట్టు అడగనివాడి దగ్గర పాసున్నట్టేనా తమ్ముడూ?"

అతని నవ్వు సగంలో ఆగింది. డాక్టరమ్మ కాగితం మీద నుంచి తలెత్తి, "క్యాన్సర్ కాదు, క్షయ. ఆరు నెలలు వదలకుండా మందులు వాడితే తగ్గిపోతుంది. ముదరకముందే దొరికింది," అంది. అతను కుర్చీలో కూలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. నర్సమ్మ మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి, అతని నోటితో రెండుసార్లు అప్పజెప్పించుకుని, పొట్లం చేతిలో పెట్టింది.